పార్టీల పంచాయితీలో నీ చదువు పోగొట్టుకోకు బిడ్డా

బిడ్డా,

ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యావు, కడుపు నిండింది. కానీ ఫలితాలు వచ్చిన నాటి నుంచి నీ పైచదువు మీద ఇంట్లో రెండు వర్గాలయ్యాయి. మీ చిన్నాయన "సర్కారు ఫీజు కడుతుంటే ఇంక ఆలోచన ఎందుకు? మొయినాబాద్‌ల ఏదో ఒక కాలేజీల సీటు పట్టు, మిగతాది మా పార్టీ చూసుకుంటది" అంటున్నాడు. మీ మామ "బీటెక్ చేసినోళ్లు బండ్ల మీద అన్నం పొట్లాలు అందిస్తున్నరు. నాలుగేండ్లు పాడు చేసుకునుడు ఎందుకు? నా ఎంబడి రా, రెండు ప్లాట్లు అమ్మిపెడితే లెక్చరర్ ఏడాది జీతం చేతికొస్తది" అంటున్నాడు. ఇద్దరి జేబుల మీదా రెండు పార్టీల బిళ్లలున్నాయి. ఇద్దరూ నీ మేలు కోరేవాళ్లే. నడుమ నువ్వు ఎవరికీ ఎదురు చెప్పలేక ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నావు.

నీ అమ్మమ్మను, ఈ మండలంలోని సర్కారు బడుల్లో పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని. మీ అమ్మకూ మీ మామకూ అక్షరాలు దిద్దించినదాన్ని. అందుకని నా మాట ముందే చెప్తున్నా. చదువు చెప్పే కాలేజీని వెతుక్కుని చేరు, చేరినాక పూర్తి చెయ్యి. ఫీజు ఎవరు కడతారన్నది రెండో మాట. కొలువు ఎప్పుడొస్తుందన్నది మూడో మాట. పార్టీల వాళ్లు ఈ రెండో మాటను, మూడో మాటను పట్టుకుని కొట్లాడుకుంటూ మొదటి మాటను గాలికి వదిలేశారు. నువ్వు వదలకు.

ఈ పంచాయితీ మొన్న పుట్టింది కాదు. మన జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డిది మన మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారమే. 1890లో పుట్టిన మనిషి. నిజాం ఏలుబడిలో ఒక పల్లె పిల్లగాడు చదువుకుని వకీలు కావడమంటే మాటలు కాదు. ఆయన అయ్యాడు. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం పెట్టిన నలుగురిలో ఒకడయ్యాడు. మిగతా ముగ్గురు బూర్గుల రామకృష్ణారావు, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. రెండు ప్రాంతాలు కలిసి ఒక రాష్ట్రం కావడానికి రాసుకున్న ఆ కాగితంలో నౌకర్ల మాట, పైసల మాటతో పాటు కాలేజీ సీట్ల మాట కూడా ఉంది. సాంకేతిక విద్యాలయాలతో సహా తెలంగాణ కాలేజీల్లో ప్రవేశాలు ఇక్కడి పిల్లలకే ఉండాలి, లేదంటే మొత్తం రాష్ట్రంలోని ప్రవేశాల్లో మూడో వంతు వాళ్లకు దక్కాలి అని రాసుకున్నారు. కాలేజీ సీటు అంత విలువైనదని ఆ తరం పెద్దలకు తెలుసు.

అంతకు నాలుగేళ్ల ముందే, 1952లో, స్థానికులకే కొలువులన్న ముల్కీ ఉద్యమంలో హైదరాబాద్ వీధుల్లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నడిచింది విద్యార్థులే. 2009లో ఉస్మానియా క్యాంపస్ నిద్రపోలేదు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో మూడోది నీ వయసు పిల్లలదే. మేం చదువుకున్నాం, మా కొలువులేవీ అన్న కడుపుమంట ఈ రాష్ట్రం పుట్టుకలోనే ఉంది. అందుకే ఇక్కడ ఏ పార్టీ నోరు విప్పినా చదువు మాట ఎత్తక తప్పదు.

ఆ మాట ఎత్తడానికి మన చేవెళ్ల అందరికీ ఇష్టమైన వేదికైంది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్ల నుంచే. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, ఇతర పేద పిల్లలకు విస్తరించారు. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. మన అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, చిలుకూరు, ఎనికేపల్లి దారుల్లో పొద్దున ఎనిమిదింటికి నిలబడితే పసుపుపచ్చ కాలేజీ బస్సులే కనబడతాయి. ఒకప్పుడు ఆ దారుల్లో కూరగాయల బండ్లు తప్ప ఏముండేవి?

తెలంగాణ వచ్చాక బీఆర్ఎస్ సర్కారు గురుకులాలను పెద్ద ఎత్తున పెంచింది, చదువు ముగించిన వాళ్లకు నైపుణ్యాలు నేర్పడానికి టాస్క్ అని ఒక సంస్థను పెట్టింది. మన చేవెళ్ల నుంచి రాజకీయాల్లోకి వచ్చిన సబితా ఇంద్రారెడ్డి ఆ సర్కారులో 2019 నుంచి 2023 దాకా విద్యాశాఖ మంత్రిగా ఉన్నారు. 2023 ఆగస్టు 26న కాంగ్రెస్ వాళ్లు చేవెళ్లలోనే సభ పెట్టి ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించారు. అందులో చదువుకు మెట్టుమెట్టుకూ ఒక మొత్తం ఇస్తామన్నారు. పది పాసైతే 10,000, ఇంటర్‌కు 15,000, డిగ్రీకి 25,000, పీజీకి లక్ష, పీహెచ్‌డీకి 5 లక్షలు. గెలిచిన మరుసటి ఏడాది, 2024 ఆగస్టు 1న, అదే సర్కారు మన జిల్లాలోనే కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి పునాదిరాయి వేసింది. పట్టాలు ఉన్నా పని రావడం లేదు, పని నేర్పాలి అన్నది దాని వెనక ఉన్న మాట. ఢిల్లీలో బీజేపీ సర్కారు 2020లో తెచ్చిన జాతీయ విద్యావిధానం డిగ్రీ మధ్యలో ఆపినా ఏడాదికో సర్టిఫికెట్ ఇస్తామంటుంది.

ఇన్ని చెప్పింది ఎందుకంటే, ఒక పార్టీ చదువు వైపు, ఇంకో పార్టీ చదువుకు ఎదురు అనుకోకు. ఇక్కడ ఎవరూ కాలేజీ వద్దు అని ఓటు అడగలేదు. ఫీజు ఎవరు కట్టాలి, కాలేజీ నుంచి ఏం రావాలి, పట్టా ముఖ్యమా పని ముఖ్యమా, దీని మీదే వాళ్ల కొట్లాట. ఊరి చావడి దాకా వచ్చేసరికి ఆ కొట్లాట ముతకదై, చదువు గొప్పదా దండగా అన్న వాదంగా మారింది. మీ చిన్నాయన ఒక కొస పట్టుకున్నాడు, మీ మామ ఇంకో కొస పట్టుకున్నాడు.

మీ చిన్నాయన మాటలో నిజం ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకముందు నా బడిలో తెలివైన పిల్లలు ఎంతోమంది పదితోనే ఆగిపోయారు. అది వచ్చాక మేకలు కాసే వాళ్ల పిల్లలు, బట్టలుతికే వాళ్ల పిల్లలు, తాపీ మేస్త్రీ పిల్లలు ఇంజనీరింగ్ మెట్లెక్కారు. ఆ ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం వాళ్లదే. ఇవాళ గచ్చిబౌలి కంపెనీల్లో కూర్చున్న వాళ్లలో అలాంటి పిల్లలున్నారు. అది దండగ ఖర్చు అనే వాళ్లతో నేను ఎన్నడూ ఒప్పుకోను. అది సర్కారు దయ కూడా కాదు, పేద పిల్లల హక్కు.

కానీ ఆ మాటకు రెండో పక్క కూడా చూడాలి. బీసీ, ఈబీసీ పిల్లలకు ప్రవేశ పరీక్షలో ర్యాంకు 10,000 లోపు వస్తేనే మొత్తం ఫీజు. ఆపైన అయితే సర్కారు ఇచ్చేది 35,000. కాలేజీ ఫీజు లక్ష ఉంటే తక్కినది మీ నాయన జేబు నుంచే పోవాలి. ఆ ఇచ్చేది కూడా ఏ ఏటికి ఆ ఏడు రావడం లేదు. ఒక సర్కారు పెట్టిన బకాయి ఇంకో సర్కారు నెత్తి మీద పడి, వేల కోట్లయి కూర్చుంది. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిల కోసమే బంద్ పెట్టాయి. సర్కారు నుంచి పైసలు రాలేదని పిల్లల సర్టిఫికెట్లు ఆపడం, కొలువొచ్చిన పిల్ల అప్పు చేసి ఫీజు కట్టి సర్టిఫికెట్ విడిపించుకోవడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన బాధే. కాబట్టి "సర్కారు కడుతుంది, ఏదో ఒక కాలేజీ" అన్న మాట నమ్మి చేరకు. ఫీజు తేలిగ్గా దొరికిందని చదువు రాని చోట నాలుగేళ్లు పోగొట్టుకుంటే, ఆ నాలుగేళ్లను ఏ పార్టీ తిరిగి ఇవ్వదు.

మీ మామ మాటలో కూడా నిజం ఉంది. పట్టా ఉంటే చాలు, కొలువు వెతుక్కుంటూ వస్తుందన్న రోజులు పోయాయి. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో తెచ్చిన నివేదిక ప్రకారం, దేశంలో 25 ఏళ్ల లోపు పట్టభద్రుల్లో 42 శాతం మంది నిరుద్యోగులు. ఈ లెక్క చూపించే మీ మామ లాంటి వాళ్లు చదువు దండగ అంటారు. కానీ అదే నివేదికలో రెండో లెక్క ఉంది, దాన్ని ఎవరూ చదవరు. 35 ఏళ్లు దాటిన పట్టభద్రుల్లో నిరుద్యోగం 5 శాతం లోపే. వాళ్లందరికీ కోరుకున్న కొలువే దొరికిందని కాదు. చదివిన పిల్లలకు మొదటి కొన్నేళ్లు గట్టి పరీక్ష అని అర్థం. ఆ ఏళ్లలో చేతికి పని ఉండాలి, ఇంట్లో ఓపిక ఉండాలి. ఈ సంగతి తెలియకనే పిల్లలు మనసు పాడు చేసుకుంటున్నారు, తల్లిదండ్రులు మాటలంటున్నారు.

ఇక ప్లాట్ల సంగతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల నీళ్లు చెడిపోకుండా 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేశారు. ఆ గ్రామాల్లో మొయినాబాద్ మండలానివి ఎన్నో ఉన్నాయి. 2022లో ఒకసారి, 2023లో ఒకసారి అప్పటి సర్కారు ఆ జీవో ఎత్తేస్తున్నామని ప్రకటించింది. ప్రకటన వచ్చిన ప్రతిసారీ భూముల ధరలు ఎగిసిపడ్డాయి, ఊరూరా కొత్త బ్రోకర్లు పుట్టుకొచ్చారు. నీతో పదో తరగతి చదివిన పిల్లలు కొందరు తెల్ల చొక్కా వేసుకుని, పొద్దంతా హోటల్ ముందు ఫోన్లు పట్టుకుని నిలబడుతున్నారు. ఒక్క బేరం కుదిరితే కారు కొంటారు. ఏడాది దాకా ఇంకో బేరం లేకపోతే ఆ కారే అమ్ముతారు. జీవో మారితే, సర్కారు మారితే, బ్యాంకు వడ్డీ మారితే ఆ పని ఆగిపోతుంది. వాళ్లను నేను తక్కువ చేయడం లేదు, అదీ కష్టమే. కానీ పద్దెనిమిదేళ్లకు నేర్చుకునే వయసును దానికి ధారపోయకు. బేరం కుదిర్చే తెలివి నలభై ఏళ్లకైనా వస్తుంది. లెక్కలు, సైన్సు, భాష నేర్చుకునే పదును ఇప్పుడే ఉంటుంది.

ఈ చదువు గొడవ మనకొక్కరికే లేదు. మనవాళ్లు ఎగబడి పోయే అమెరికాలో ఇది ఇంకా ముదిరింది. 2017లో ప్యూ రిసర్చ్ సెంటర్ అడిగితే, రిపబ్లికన్ పార్టీ వైపు వాళ్లలో 58 శాతం మంది కాలేజీలు, యూనివర్సిటీలు దేశానికి చెడు చేస్తున్నాయన్నారు. డెమొక్రాట్ల వైపు 72 శాతం మంది మేలు చేస్తున్నాయన్నారు. పైచదువుల మీద గట్టి నమ్మకం ఉందని చెప్పిన అమెరికన్లు గ్యాలప్ లెక్కలో 2015లో 57 శాతం, 2023కు 36 శాతం. అక్కడ ఇప్పుడు నువ్వు ఏ పార్టీ అన్నదాన్ని బట్టి కాలేజీ మంచిదో చెడ్డదో తేలిపోతోంది. మన ఊళ్లో ఆ రోగం ఇంకా అంత ముదరలేదు, ముదరనివ్వొద్దు.

చిలుకూరు బాలాజీ గుడికి పో, వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసే పిల్లలతో ప్రాంగణం నిండి ఉంటుంది. కోరిక తీరితే వచ్చి నూట ఎనిమిది చేస్తారు. దేవుడి మీద నమ్మకాన్ని నేను కాదనను, నేనూ తిరిగినదాన్నే. కానీ 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఒక్క ప్రకటనతో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్నాడు. డాలస్‌లో ఉన్న మీ చిన్నమ్మ కొడుకు ఆ వారం సరిగా నిద్రపోలేదు. చదువంతా ఒక్క వీసా ముద్ర మీద పెట్టుకుంటే ఎక్కడో వాషింగ్టన్‌లో కూర్చున్న మనిషి సంతకం మన ఇంటిని ఊపేస్తుంది. అమెరికాకు పోవద్దని చెప్పను. పోవడానికి మాత్రమే చదవకు.

మరి దేనికి చదవాలి అంటావు. మన ఇంట్లోనే చూశావు కదా. పోయిన ఏడు కంపెనీ వాళ్లు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కాగితాలు తెచ్చినప్పుడు మగవాళ్లందరూ ముందు పేజీ, చివరి పేజీ చూసి సంతకాలకు సిద్ధమయ్యారు. బీకాం చదివిన మీ పెద్దనాయన కూతురు ఆ కట్ట తీసుకుని వంటింటి గడప మీద కూర్చుని మొదటి నుంచి చదివింది. పెన్సిల్‌తో ఒక చోట గీత పెట్టింది. నోటితో అనుకున్నది ఎకరా పది గుంటలు, కాగితంలో ఉన్నది సర్వే నంబరు మొత్తం. ఇంకో చోట గీత పెట్టింది. పని ఎన్నాళ్లలో పూర్తి చేయాలన్న చోట తేదీ ఖాళీగా ఉంది. కంపెనీ మనుషులు కాగితాలు తీసుకుపోయి సరిచేసుకుని వచ్చారు. గొడవ లేదు, అరుపులు లేవు. ఆ రోజు ఆ పిల్లకు ఇంకా కొలువు రాలేదు. నిరుద్యోగుల లెక్కలో ఆమె కూడా ఒకతి. ఆమె చదువు దండగ అని ఎవరైనా అనగలరా?

ఇంకొకటి చూడు. మన చేవెళ్ల దిక్కు పాలీహౌస్‌ల్లో జెర్బెరా పూలు వేసే రైతులున్నారు. పొద్దు పొడవకముందే కోసి, ఒక్కో పువ్వుకు ప్లాస్టిక్ తొడుగు తొడిగి, కట్టలు కట్టి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతారు. వ్యవసాయ డిగ్రీ చదివిన ఒక పిల్లగాడు తండ్రి పాలీహౌస్‌లోకి పోయి ముందు చేసిన పని డ్రిప్పు నీళ్లు పరీక్ష చేయడం. బోరు నీళ్లలో ఉప్పు ఎంత ఉందో, పులుపు ఎంత ఉందో మీటర్లు పెట్టి చూసి నోటు పుస్తకంలో తారీఖుల వారీగా రాశాడు. అప్పటిదాకా ఆకులు పచ్చబడితే మందుల దుకాణం వాడు ఏ డబ్బా ఇస్తే అది కొట్టేవాళ్లు. ఆ రాత మొదలయ్యాక ఏది ఎందుకు కొడుతున్నారో వాళ్లకే తెలిసింది. తండ్రి కష్టం, కొడుకు చదువు ఒకే మడిలో కలిశాయి. చదువుకుంటే వ్యవసాయం చేయరు, వ్యవసాయం చేస్తే చదువు అక్కర్లేదు అన్న మాట ఎంత తప్పో అక్కడికి పోతే తెలుస్తుంది. ప్రాణహిత-చేవెళ్ల అని మన ప్రాంతం పేరు పెట్టిన ప్రాజెక్టు నీళ్లు మన పొలాలకు రాలేదు. ఉన్న కాసిన్ని నీళ్లతో బతకాలంటే లెక్క తెలిసిన మనిషి ఇంటికొకరు కావాలి.

చదువుకు ఇక్కడి జనం ఇచ్చే విలువ ఎంతో తెలుసుకోవాలంటే సభలకు పోనక్కర్లేదు. 2025 నవంబరు 3, సోమవారం పొద్దున, తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది పోయారు. ఇంటికి వచ్చి తిరిగి కాలేజీకి పోతున్న ఆడపిల్లలు వాళ్లలో ఉన్నారు. బకాయిల కోసం కాలేజీల బంద్ మొదలైందీ ఆ రోజే. ఆ బిడ్డలు తెల్లవారకముందే లేచి, ఇరుకు రోడ్డు మీద, నిండు బస్సులో పట్నం పోతున్నది చదువు కోసమే. ఆడపిల్లకు డిగ్రీ ఎందుకన్న ఊళ్ల నుంచి ఆ తల్లిదండ్రులు బిడ్డలను పంపారు. వాళ్ల ముందు నిలబడి చదువు దండగ అనే ధైర్యం ఏ నాయకుడికీ ఉండదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు విస్తరణ ఏళ్లకేళ్లు సాగింది. ఫీజు ఇస్తాం అని పోటీ పడే పార్టీలు ఆ పిల్లలు భద్రంగా కాలేజీకి చేరే దారి సంగతి మీద పోటీ పడలేదు. నీ చెల్లె కూడా రేపు ఆ దారినే పోవాలి. ఆమెను ఆపమని కాదు నేను చెప్పేది. ఆమెకు బస్సు, రోడ్డు, హాస్టల్ ఇవ్వమని అడిగే వాళ్లలో నువ్వు ముందుండాలి.

ఇప్పుడు కాలేజీ ఎట్లా వెతకాలో చెప్తా, మనసులో పెట్టుకో. బోరు వేయించే ముందు పాయింటు చూపించుకుంటాం, పక్క పొలంలో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో అడుగుతాం. నాలుగేళ్ల కాలేజీకి అంతకన్నా తక్కువ విచారణ పనికిరాదు. ఫ్లెక్సీ చూసి, ఏసీ బస్సు చూసి చేరకు. మామూలు పని దినాన, మధ్యాహ్నం రెండింటికి, చెప్పకుండా పో. ఆ వేళ తరగతిలో సారు ఉన్నాడా, ల్యాబ్ తలుపు తీసి ఉందా తాళం వేసి ఉందా, యంత్రాల మీద పిల్లల చేతులున్నాయా దుమ్ముందా చూడు. లైబ్రరీ రిజిస్టర్‌లో పోయిన నెల ఎన్ని పుస్తకాలు పిల్లల చేతికి పోయాయో అడుగు. మూడో ఏడాది చదువుతున్న పిల్లలను గేటు బయట చాయ్ బండి దగ్గర అడుగు, వాళ్లు అబద్ధం చెప్పరు. ఏటా లెక్చరర్లు మారిపోతున్నారంటే ఆ కాలేజీని పక్కన పెట్టు. నాక్, ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో చూడు, కానీ ఆ కాగితం ఒక్కదాన్నే నమ్మకు.

మంచి ఇంజనీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు రాకపోతే, మేనేజ్‌మెంట్ సీటు కోసం మీ నాయనతో గుంట భూమి కూడా అమ్మించకు. డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో దరఖాస్తు పెట్టి మంచి కాలేజీలో బీఎస్సీ చదువు, బీకాం చదువు. చేతి పని మీద మనసుంటే పాలిటెక్నిక్‌కు పో, తర్వాత ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి సర్కారు 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకుంది, అక్కడ కొత్త యంత్రాల మీద పని నేర్పుతారు. పని నేర్చుకున్న వాడు చిన్నవాడు, పట్టా తెచ్చుకున్న వాడు పెద్దవాడు అనుకోకు. ఆ తేడా మన కులాల పట్టింపు నుంచి వచ్చిన పాత జబ్బు. చేతిలో పనితో పాటు చదివి అర్థం చేసుకునే శక్తి, నాలుగు మాటలు తప్పుల్లేకుండా రాసే శక్తి కూడా ఉండాలి. పని యంత్రంతో పాటు మారిపోతుంది, ఈ శక్తి మారదు.

చేరాక కొన్ని కట్టుబాట్లు పెట్టుకో. హాజరు 75 శాతం తగ్గితే రీయింబర్స్‌మెంట్ కూడా పోతుంది, తరగతి మానకు. ఫీజు కట్టిన ప్రతిదానికీ రసీదు తీసుకుని ఫైలులో పెట్టు. రోజూ ఒక తెలుగు పత్రిక, ఒక ఇంగ్లీషు పత్రిక చదువు. సెలవుల్లో మీ నాయనతో పొలానికి పో. కాలేజీలో చదువు చెప్పకపోతే నోరు మూసుకుని ఊరుకోకు, పదిమందిని కలుపుకుని ప్రిన్సిపాల్‌ను మర్యాదగా అడుగు. అది నీ ఫీజు, లేదా ఈ రాష్ట్రంలో పన్ను కట్టే కూలీ ఫీజు.

రాజకీయాలు వద్దని చెప్పే అమ్మమ్మను కాను. రంగారెడ్డి లాంటి వాళ్లు రాజకీయాలే చేశారు, ముందు చదువుకుని తర్వాత చేశారు. నీకు ఓటు వచ్చింది, ఆలోచించి వెయ్యి. నచ్చిన పార్టీని మెచ్చుకో, నచ్చనిదాన్ని నిలదియ్యి. కానీ సెమిస్టర్ పరీక్షలప్పుడు జెండా మోయడానికి, నాయకుడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టడానికి పిలిస్తే పోకు. తన కొడుకును కాలేజీ మాన్పించి జెండా పట్టించిన నాయకుడిని నేను ఇంతవరకు చూడలేదు. వాళ్లు తమ పిల్లల విషయంలో ఏం చేస్తున్నారో అదే నీకు కూడా మంచిది.

మీ చిన్నాయనకు, మీ మామకు కూడా ఒక మాట. నాయనలారా, మీరిద్దరూ మీ మీ నాయకుల దగ్గరికి పోయినప్పుడు ఈ పిల్లల తరఫున మూడు అడగండి. ఏ ఏటి ఫీజు ఆ ఏడు కట్టండి. యూనివర్సిటీల్లో, సర్కారు కాలేజీల్లో ఏళ్లుగా ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టులు నింపండి. పల్లె నుంచి కాలేజీకి భద్రమైన బస్సు వెయ్యండి. ఈ మూడింటికీ ఏ జెండా రంగూ అడ్డం రాదు. వాదం పెట్టుకోవాలంటే ఎవరు ముందు తెస్తారన్న దాని మీద పెట్టుకోండి, మన పిల్లగాడి భవిష్యత్తు మీద వద్దు.

బిడ్డా, కౌన్సెలింగ్ తేదీలు వచ్చేలోపు కాలేజీలు చూసి రా. మీ అమ్మను వెంట తీసుకుపో, ఆమెకు మనిషి ముఖం చూస్తే సంగతి తెలుస్తుంది. ఎవరేమన్నా తలవంచుకుని విను, గొడవ పడకు, కానీ నిర్ణయం నువ్వే తీసుకో. చదువు చెప్పే చోట చేరు, చివరి పరీక్ష రాసేదాకా ఆపకు. నీ చెల్లెను కూడా చదివించు. నేను నిన్ను అడిగేది ఇంతే.